బాలింత చెవి దూది

వడమాలపేటలో బాలింత చెవుల్లో పెట్టిన దూదిని పొద్దున్నే తీసి, నీళ్ళపొయ్యిలో వేసి, కొత్తది పెడతారు. వేసేది గబగబా వేయాలి. ఆమె నోటితో చెప్పనివన్నీ రాత్రికి ఆ దూదిలోకి దిగుతాయి, చేతిలో ఉంచుకుంటే అది మాట్లాడుతుంది. కోడలి మనసులోది వినే తీరిక ఏ అత్తకుంది?

డెబ్బయ్యెనిమిదిలో భారతమ్మ కోడలు పంకజాక్షి మగబిడ్డను కన్నది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. బిడ్డ బొద్దుగా ఉన్నాడు. తల్లికే నిద్ర కరువైంది. బిడ్డ ఏడిస్తే గోడవైపు తిరిగేది, చేతికిస్తే వణికేది. ఏమైందంటే ఏం లేదనేది. గాలి సోకిందని ఇరుగుపొరుగు తేల్చేశారు. శుక్రవారం మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతానన్నాడు మొగుడు కుప్పయ్య. అక్కడ వేపబెత్తంతో కొడతారని ఊరందరికీ తెలుసు, పంకజాక్షికి కూడా.

గురువారం ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోలేదు. భారతమ్మ ఒక చేత్తో దూది పట్టుకుని పొయ్యి ఊదుతూ కూర్చుంది. దూది పంకజాక్షి గొంతుతో మాట్లాడింది.

"బిడ్డను బావిలో ఎయ్యమని తలకాయలో ఒకటే పోరు. నాకు వాడంటే పానం. అత్తా, వాణ్ణి నా దగ్గర ఒంటిగా ఇడిసిపెట్టొద్దు."

భారతమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. మంచం ఖాళీగా ఉంది. ఉయ్యాలా ఖాళీయే. పెరటి తలుపు తీసి ఉంది.

పంకజాక్షి వానలో, బావి దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో బిడ్డ. రెండో చేత్తో గిలక స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది, పడిపోకుండా కాదు, ముందుకు పోకుండా. భారతమ్మ అరవలేదు, మెల్లగా దగ్గరికి నడిచింది.

"నీ దూది ఇన్నాను. నువ్వు చెడ్డదానివి కాదు అమ్మే. వాణ్ణి ఇట్లియ్యి."

పంకజాక్షి ఇచ్చింది.

మంత్రగాడి మాటెత్తిన కొడుకును నోరు మూసుకోమని, భారతమ్మ తల్లీబిడ్డలిద్దర్నీ ఎర్రబస్సెక్కించి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయింది. భారతమ్మ కొంగున ముడేసి తెచ్చిన దూదిని డాక్టరమ్మ చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది. కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బేననీ, నయమవుతుందనీ చెప్పింది. మాత్ర మింగించి, బట్టలు సర్దుకుని రేపే వచ్చి చేరమంది. అంతదాకా బిడ్డతో ఒంటరిగా ఉంచొద్దంది.

తిరుగు బస్సులో పంకజాక్షి అడిగింది. "నీ దూది ఏం చెప్పింది అత్తా?"

"మా అత్త కాల్చేసింది," అంది భారతమ్మ, మనవణ్ణి ఒడిలో సర్దుకుంటూ. "ఏం చెప్పుంటుందో నాకు తెలుసు."

పంకజాక్షి ఆమె భుజాన తల వాల్చి నిద్రపోయింది. వడమాలపేట వచ్చిందని కండక్టరు పిలిచాడు. భారతమ్మ కదల్లేదు. ఇంకా ముందున్న పుత్తూరుకు టికెట్లు ఇమ్మంది.