లేత్ దగ్గర కుక్క

ఇరవై ఆరేళ్లుగా నేను ఒకే లేత్ మీద పనిచేస్తున్నాను. మా షెడ్డులో నల్లోడు అనే కుక్క ఉంది. తిరిగే మిషన్ల చుట్టూ నేల మీద పసుపు గీత ఉంటుంది. ఇనప రజను కాళ్లలో గుచ్చుకుంటుందని, ఆ గీత దాటకూడదని అది వచ్చిన మొదటి వారంలోనే దానికి నేర్పాను.

నిన్న కొత్త మేనేజరు వచ్చాడు.

"ఇదేమైనా సత్రమా? సాయంత్రానికి ఈ కుక్కన్నా బయటుండాలి, నువ్వన్నా బయటుండాలి," అంటూ నా మీదికొచ్చాడు. ఆయన టై లేత్‌లో తిరుగుతున్న ఇనప కమ్మీ మీదికి వేలాడింది. చటుక్కున మిషన్ ఆపేశాను.

"సార్, కిందికి చూడండి. మీరు గీత లోపలున్నారు. అది బయటే కూర్చుంది."

పక్క మిషన్ నడిపే మా బావమరిది కిసుక్కున నవ్వాడు. వెంటనే భయపడ్డాడు. "ఊరుకో బావా, ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీరా. పద్ధతి నేర్చుకున్నదాన్ని గెంటేయమంటే నా వల్ల కాదు."

మేనేజరు టైని చొక్కాలోకి దోపుకున్నాడు. "సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పు," అన్నాడు.

"ఇప్పుడే చెబుతున్నా సార్. అది ఇక్కడే ఉంటుంది. నన్ను తీసేస్తారో, ఉంచుతారో మీ ఇష్టం."

ఆయన గీత దాటి వెనక్కి వెళ్లేదాకా ఆగి, మళ్లీ మిషన్ నడిపాను.