ఖాళీగా తిప్పిన ఇసుర్రాయి

నేను ఒక ఇసుర్రాయిలో కింది రాయిని. నా పై రాయిని బడిలో పోషకాహార వారోత్సవం నాడు, వేదిక మీద, అందరూ చప్పట్లు కొడుతుండగా చంపారు. ప్రమాదం అన్నారు. ప్రమాదం కాదు. వద్దని చెప్పినా వినకుండా చేసిన పనిని ప్రమాదం అనరు.

మా ఇద్దరినీ గద్వాల వైపు గుట్టల్లో ఒకే బండలోంచి తీశారు. రాళ్లు కొట్టే ఎర్రన్న ముందు నన్ను చెక్కాడు, మిగిలిన ముక్కలోంచి ఆమెను చెక్కాడు. నా నడుమ ఇనుప కీల దిగ్గొట్టాడు. ఆమె నడుమ గింజలు పోసే నోరు తొలిచాడు, అంచున కొయ్య పిడి బిగించాడు. నా మీద కూర్చోబెట్టి, గుప్పెడు జొన్నలు పోసి, ఒక చుట్టు తిప్పి "కుదిరింది" అన్నాడు. మా పెళ్లికి అంతకుమించి మంత్రాలు లేవు. మనుషుల ఇళ్లలో మగవాడు ఊరంతా తిరుగుతాడని, ఆడమనిషి ఇంట్లోనే ఉండాలంటాడని తర్వాత విన్నాను. మా ఇంట్లో తిరిగింది ఆమె. కదలనిది నేను. గొడవలు రాలేదు.

మమ్మల్ని కొన్న బుడ్డమ్మ తక్కువ మాటల మనిషి. అందుకే మాకు పొసిగింది. జొన్నలు, పెసర్లు, వేయించిన శనగలు, ఏవైనా విసిరేది. ఒక్క నియమం మాత్రం తప్పేది కాదు. ఇసుర్రాయిని ఖాళీగా తిప్పనిచ్చేది కాదు. పిల్లలు ఆటకు పిడి పట్టుకుంటే చేతి మీద ఒక్కటి వేసేది. విసరడం అయిపోయాక కూడా పై రాయి నోట్లో పిడికెడు గింజలు వదిలి లేచేది.

తర్వాత ఊరికి పిండి గిర్ని వచ్చింది. బుడ్డమ్మ పోయింది. ఆమె మనవడు మమ్మల్ని స్నానాలు చేసే జాలాట్లో వేశాడు. మా మీద కాళ్లు పెట్టి మడమలు రుద్దుకున్నారు. ఎన్నేళ్లో నేను లెక్కపెట్టలేదు. ఆమె నా మీదే ఉంది. అది చాలు.

అక్కడ మమ్మల్ని చూసింది జయశీల మేడం. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. బడికి రాని పిల్లవాడిని వెతుక్కుంటూ వచ్చి, వాడిని వదిలేసి మమ్మల్ని చూస్తూ నిలబడింది.

"ఇస్తవా దీన్ని?"

"తీస్కపోండి మేడం, కాళ్లకు అడ్డమైతున్నది," అన్నాడు మనవడు. నానమ్మ విసిరిన రాయి అని కూడా అనలేదు.

మేడం మమ్మల్ని ఆటోలో వేసుకుని తెచ్చి పదో తరగతి గదిలో నేల మీద పెట్టింది. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టింది.

"పొద్దున ఏం తిన్నరు?"

"చాయ్ మేడం," అన్నాడు ఉరుకుందు అనే పిల్లవాడు.

"చాయ్ తింటరా రా?"

"బిస్కెట్ ముంచినంక తిన్నట్టే కద మేడం."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. "జములమ్మా, నువ్వు?"

"ఆకలి కాలే మేడం."

"అబద్ధం మేడం," అంది పక్కనున్న రిజ్వానా. "ఇంట్ల జొన్న రొట్టె ఉంటది. తెస్తే మేం చూస్తమని దీనికి సిగ్గు. ఇంటర్వెల్‌ల చిప్స్ పొట్లం కొంటది."

"నీ సొమ్మేం పొయ్యిందే?" అని జములమ్మ దాని తొడ గిల్లింది.

ఈ జములమ్మ పరుగు పందెం పిల్ల. క్రీడా హాస్టల్‌లో చోటు కావాలి ఆమెకు. అది దొరికితే చదువు, తిండి, పరుగు అన్నీ అక్కడే. దొరకకపోతే పదో తరగతి అవగానే తల్లితో పాటు పత్తి ఏరడానికి పోవాలి. కిందటేడు ఎంపికల్లో ఆఖరి మలుపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది.

"నిరుడు ఏం తిని ఉరికినవ్?" అని మేడం అడిగింది.

"ఏం తినలే మేడం. కడుపు ఖాళీ ఉంటె ఒళ్లు తేలికైతది, జోరుగ ఉరకొచ్చని ఫోన్‌ల చూసిన."

ఆ మాట అంటూనే, ఊరికే ఉండలేక, పిడి పట్టుకుని నా భార్యను గిరగిరా తిప్పింది. ఖాళీగా. రాయి మీద రాయి అరిచింది. మేడం ఆ పిల్ల చేయి పట్టి ఆపేసింది. నా అంచున రాలిన బూడిదరంగు పొడిని వేలితో తీసి అందరికీ చూపించింది.

"ఇదేంది?"

"పిండి మేడం," అన్నాడు ఉరుకుందు.

"పిండి కాదు రా. రాయి. గింజ పొయ్యకుంట తిప్పితె ఒకదాన్నొకటి అరగదీసుకుంటయ్. నువ్వు ఏం తినకుంట ఉరికితె నీ ఒళ్లు కూడ ఇదే చేస్తది జములమ్మా. దాసుకున్న చక్కెర అయిపోతది. ఆ తర్వాత నీ కండనే కరగదీస్తది. తేలికైతున్న అనుకుంటవ్. అరిగిపోతున్నవ్."

నేను చదువుకోలేదు. కానీ ఆ పాఠం నా ఒంటి మీద చెప్పిందే కాబట్టి నాకు తెలుసు, అది నిజం.

మేడం గింజలు పోసింది. మాకు చాలా కాలం తర్వాత కడుపు నిండింది. విసురుతూనే చెప్పింది. జొన్న సత్తువకు, పెసర కండకు, పుంటికూర, అంటే గోంగూర, రక్తానికి. కూర మీద నిమ్మకాయ పిండుకోవాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టదు. ఆ మాటకు ఉరుకుందు తల దించుకున్నాడు. గంట కొట్టాక మేడం లేస్తూ నా భార్య నోట్లో పిడికెడు జొన్నలు వదిలింది. బుడ్డమ్మ గుర్తొచ్చింది.

తర్వాత ప్రతి వారం పిల్లలు మా దగ్గర కూర్చుని విసిరారు. జములమ్మ రొట్టె తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మొదట గోడ వైపు తిరిగి తినేది. కొన్నాళ్లకు ఇటు తిరిగింది. ఆ తర్వాత ఉరుకుందు ముక్క అడుక్కునే దాకా వచ్చింది. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పను. బాగున్నాయి.

అప్పుడు వారోత్సవం వచ్చింది.

హెడ్మాస్టరు నరహరి సారుకు మేము ఉన్నట్టు అప్పుడే తెలిసింది. "మన సంప్రదాయం!" అని, మాకు ఎర్ర రంగు వేయించి, తెల్ల పూలు దిద్దించాడు. విసిరే ముఖాల మీద కూడా రంగు పూశారు. అంటే ఇక మాలోంచి వచ్చే పిండి తినడానికి పనికిరాదు. తిండి గురించి జరిగే పండగకు మమ్మల్ని తిండికి పనికిరాకుండా చేశారు. ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

పిల్లలను పొద్దుటి నుంచి ఎండలో వరుసలు కట్టించారు. అతిథి వచ్చి ప్రారంభించే దాకా మధ్యాహ్న భోజనం వడ్డించకూడదట. పక్కన గుడారంలో పిల్లలు చేసి తెచ్చిన రొట్టెలు, గుగ్గిళ్లు, పుంటికూర, పల్లీపట్టి వరసగా పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, "ముట్టరాదు" అని అట్ట పెట్టారు. కార్యక్రమం అయ్యాక అదే మైదానంలో హాస్టల్ ఎంపికలు.

మమ్మల్ని వేదిక మీద బల్ల ఎక్కించారు.

"సారు, నేల మీద పెడదాం. గింజలు పోసి తిప్పుదాం," అంది జయశీల మేడం.

"కింద కూసుంటె అతిథి ముఖం ఫోటోల పడదు మేడం."

"గింజలన్న పొయ్యనీయండి. ఖాళీగ తిప్పొద్దు."

"కొత్త తివాచీ. పిండి పడితె ఎవరు ఊడుస్తరు? జర తిప్పి ఇడిసిపెడ్తరు, గంతే కద!"

అతిథి చాలా ఆలస్యంగా వచ్చింది. మంచి మనిషే కావచ్చు, నాకు అనవసరం. నిలబడే పిడి పట్టుకుని తిప్పింది. రాయి రాయిని కొరికింది. అందరూ చప్పట్లు కొట్టారు. జములమ్మ కూడా కొట్టింది. నేను చూశాను.

"మేడం, ఇటు చూస్కుంట ఇంకొక్కసారి! జోరుగ!" అన్నాడు ఫోటోలవాడు.

ఆమె కెమెరా వైపు చూస్తూ జోరుగా లాగింది. మధ్యలో గింజ లేదు, పట్టు లేదు. నా కీల వంగింది. నా భార్య ఎగిరి, బల్ల అంచు దాటి, వేదిక మెట్టు మీద పడింది. సరిగ్గా నోటి మీదుగా రెండు ముక్కలైంది.

"పాతది కద మేడం, ఏం కాదు," అన్నాడు నరహరి సారు. ముక్కలను కాలితో బల్ల గుడ్డ కిందికి నెట్టాడు. అతిథి మైకు అందుకుని చిరుధాన్యాలు తినమని పిల్లలకు చెప్పింది. వేదిక వెనక ఆమె కోసం కేకు, క్రీము బిస్కెట్లు పెట్టి ఉన్నాయి.

ఉపన్యాసం సాగుతుండగా జములమ్మ వరుస విడిచి వేదిక దగ్గరికి వచ్చింది. నా చుట్టూ బల్ల మీద రాలిన పొడిని వేలితో తీసుకుంది. ఎర్ర రంగు పొట్టు మధ్య బూడిదరంగు. గదిలో చూసిన పొడే. దాన్ని చూసింది, మెట్టు మీద పగులు మచ్చను చూసింది, మైదానంలో గీసిన సున్నపు గీతలను చూసింది. నేరుగా గుడారంలోకి పోయి, ప్లాస్టిక్ చింపి, రొట్టె తీసి పుంటికూర పెట్టుకుని తినసాగింది.

"ఏయ్! అది సూసెతందుకు పెట్టింది!" నరహరి సారు పరుగెత్తాడు.

"తినెతందుకు చేసిన సారు. నేనే చేసిన."

"అతిథి ఇంక సూడనేలేదు!"

"పొద్దటి సంది ఏం తినలేదు సారు. నేను ఉరకాలె. ఖాళీగ ఉరకను."

సారు జములమ్మ చేతిలోని పళ్లెం లాక్కోబోయాడు. ఆ పిల్ల ఇవ్వలేదు. జయశీల మేడం ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. సారు వైపు చూడనే లేదు. "నిదానంగ నములు. ఒక్క రొట్టె చాలు, నీళ్లు తాగు. ఉరుకుడుకు ఇంక యాళ్ల ఉన్నది," అంది.

"మేడం, నేను ఉరకను. నాకు రెండు తినొచ్చా?" అన్నాడు ఉరుకుందు.

అంతే, వరుసలు తెగాయి. అతిథి గుడారం చూడడానికి వచ్చేసరికి అక్కడ ఖాళీ పళ్లేలూ, వేళ్లు నాకుతున్న పిల్లలూ మిగిలారు. ఫోటోలవాడికి తీయడానికి ఏమీ దొరకలేదు. ఆ రోజు జరిగిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

పరుగు నేను చూడలేదు. నా మీద ఎవరో షామియానా గుడ్డ పడేశారు. కేకలు విన్నాను. ఆఖరి మలుపు దగ్గర కేకలు ఆగిపోయాయి. మళ్లీ లేచాయి. జములమ్మ పడలేదు. ఇద్దరినే తీసుకున్నారు. ఆమె రెండోది.

హాస్టల్‌కు పోయే ముందు జములమ్మ రాళ్లు కొట్టే మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. నాకు కొత్త పై రాయి చేయిస్తానంది. అతను నా కీల పట్టుకుని లాగాడు, సుత్తితో కొట్టాడు, చెమట తుడుచుకున్నాడు.

"ఇది వంగింది బిడ్డా. సక్కగైతలేదు. దీని మీద ఇంకో రాయి కూసోదు."

కూర్చోదు. కూర్చోనివ్వను. చప్పట్లు కొట్టిన జములమ్మ చేతులను కూడా నేను క్షమించలేదు. రొట్టె తిన్నందుకు మెచ్చుకుంటాను. అది వేరు.

ఇప్పుడు నా భార్యలో ఒక సగం బడి గేటుకు అడ్డు, ఇంకో సగం నీళ్ల డ్రమ్ము కింద. నేను సైన్సు గదిలో ఉన్నాను. రంగంతా గీకి కడిగాక, పిల్లలు నా మీద పల్లీలు, బెల్లం దంచుకుని తింటారు. దంచనీ. వంగిన కీలను తప్పించుకుని దంచడం నేర్చుకున్నారు.

జములమ్మ వెళ్తూ నా మీద పిడికెడు జొన్నలు పెట్టి పోయింది. పెట్టాల్సింది నా మీద కాదు. నోరు నా భార్యది. నాకు ఎప్పుడూ నోరు లేదు. పిల్లలు తినడం నేర్చుకోవాలని ఈ ఒక్కసారి చెప్పాను. ఆమె గురించి ఇక అడగకండి. చెప్పను.