పేస్టు రుచి పోయేదాకా

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకే నేను వైన్ కొట్లో పనికి చేరానంటే అమ్మకి మింగుడు పడలేదు. పక్కింటి పిన్నితో మాత్రం "ద్రాక్షపళ్ళ వ్యాపారంలే" అని చెప్పి గట్టెక్కింది. మేము తాగం, రుచి చూసి ఉమ్మేస్తాం అని చెప్పినా అమ్మకి నచ్చలేదు.

"ఉమ్మేసేదానికి కొనడమెందుకే?" అంది.

కొట్లో నాది బిల్లులేసే పని. నా కన్నంతా లోపలిగదిలో ఉన్న పొడవాటి చెక్కబల్ల మీద. మా మేడమ్ అక్కడ నిలబడి సీసాలు రుచి చూస్తుంది, వచ్చినవాళ్ళకి ఏది నప్పుతుందో చెబుతుంది. ఈమధ్య మోకాళ్ళ నొప్పులతో అంతసేపు నిలబడలేకపోతోంది.

ఒకరోజు నన్ను పిలిచి, "రేపు మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవర్ వస్తాడు. రిటైరవుతున్నాడట, తోటివాళ్ళకి భోజనం పెడుతున్నాడు. ఆయనకి రెడ్ వైన్ నువ్వే ఎంచిపెట్టు. కుదిరిందా, ఈ బల్ల నీదే. కుదరకపోతే బిల్లులు ఎలాగూ ఉన్నాయి, ఏం పర్లేదు" అంది.

ఏం పర్లేదనడం ఆవిడ మంచితనం. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు.

మర్నాడు ఇంట్లోంచి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెద్దవాళ్ళ ముందు నోరు తెరవాలి. పొద్దున తోమింది చాలదు, మళ్ళీ తోముకో." అమ్మ మాట కాదనడం నాకు అలవాటు లేదు. నోరంతా నురగ వచ్చేలా తోముకుని వెళ్ళాను.

డ్రైవర్ యూనిఫామ్‌లోనే వచ్చాడు. నేను "రండి సార్" అంటే చెయ్యి అడ్డం ఊపాడు.

"సార్ అంటే మా ఇన్‌స్పెక్టర్ గుర్తొస్తాడమ్మా. బాబాయ్ అను చాలు. నాకు కావలసింది ఒకటే. తాగితే పండు రుచి తెలియాలి, నోరు గుంజకూడదు. జేబు అసలే గుంజకూడదు."

నాలుగు సీసాలు తెరిచి ఉంచాను. నాలుగూ చవకవే. మొదటి గ్లాసు వాసన చూస్తే చెర్రీపళ్ళు. రెండోది ఉడికిన నల్లద్రాక్ష. హమ్మయ్య అనుకుని నోట్లో పోసుకున్నాను. చేదు! రెండోది పులుపు, దాని వెనకే చేదు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ముక్కు ఒకటి చెబుతోంది, నోరు ఇంకొకటి చెబుతోంది. నాలుగు సీసాలూ ఒకేసారి ఎలా పాడవుతాయి? నాలుకతో పళ్ళు తడుముకున్నాను. చల్లగా, పుదీనా. అప్పుడు వెలిగింది.

ముక్కు చెప్పిందే చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? మేడమ్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వింటోంది. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ఈ బల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. కానీ ఈయన ఆ సీసాలు పట్టుకెళ్ళి, ఇన్నేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళ ముందు పెడతాడు.

"బాబాయ్, వచ్చేముందు పళ్ళు తోముకున్నాను. పేస్టు రుచి పోయేదాకా నా నోటిని నమ్మకండి. ఓ అరగంట ఆగుతారా?"

ఆయన గంభీరంగా చూశాడు. "బస్సు కాస్త ఆలస్యమైతే నన్ను తిట్టనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళకి నాకూ ఒకళ్ళని తిట్టే అవకాశం వచ్చింది." కాసేపు ఆలోచించి, "తిట్లు రావట్లేదమ్మా, అలవాటు లేదు" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నేను ఉత్త బ్రెడ్డు నములుతూ, నీళ్ళు పుక్కిలిస్తూ ఉంటే ఆయన కబుర్లు మొదలెట్టాడు. భోజనం డిపో షెడ్డులోనట. పైన రేకులు, మధ్యాహ్నం ఎండ. కాల్చిన మాంసం, బంగాళదుంపలు. కండక్టర్ ఒకడికి పులుపు తగిలితే పళ్ళు జివ్వుమంటాయట. వింటున్నకొద్దీ నాకు పని తేలికవుతోంది.

మళ్ళీ రుచి చూశాను. ఈసారి పండు రుచి పండు రుచిలాగే తెలిసింది. మొదటిది చెర్రీయే గానీ కండక్టర్‌కి పనికిరాదు, పులుపు. రెండోది జామ్‌లా ఉంది, ఎండలో రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. నాలుగోది పల్చన, మాంసం ముందు నిలవదు. మూడోది బాగా పండిన ప్లం. మెత్తగా జారి, చివర్లో తొక్క కొరికినట్టు చిన్న వగరు.

"ఇది బాబాయ్. వడ్డించేముందు సీసాలు కాసేపు చన్నీళ్ళలో పెట్టండి. వేడెక్కితే పండు పోయి ఘాటు మిగులుతుంది."

ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉమ్మేందుకు గిన్నె ముందుకు జరిపితే తిరిగి నావైపే నెట్టాడు.

"ఇవాళ నేను డ్యూటీ దిగిపోయానమ్మా" అని మింగేసి, "ఇదే. ఇదే ఇవ్వు" అన్నాడు.

ఆయన వెళ్ళాక మేడమ్ కుంటుకుంటూ వచ్చి బల్ల తుడిచే గుడ్డ నా భుజం మీద వేసింది.

"రేపట్నించి ఇది నువ్వే తుడుచుకోవాలి. గుమ్మం దాకా పుదీనా వాసన కొడుతోంది, ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా."

ఇంటికెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. ఇకమీద బయల్దేరేముందు తోముకోనన్నాను. అమ్మ వంటింట్లోకెళ్ళి, మర్నాటికి నా సంచిలో నాలుగు ముక్కలు ఉత్త బ్రెడ్డు చుట్టిపెట్టింది.

"వచ్చాకైనా తోముకో తల్లీ" అంది గొంతు తగ్గించి. "పక్కింటి పిన్ని ముక్కు మామూలుది కాదు."

"అంత మంచి ముక్కయితే మా కొట్లోకి పంపమ్మా, మేడమ్‌తో నేను మాట్లాడతా" అన్నాను.

అమ్మ నవ్వు ఆపుకోవాలని కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు.