చెవులు లోపలున్న కుందేలు

సంచులు రెండూ ఒక్క పూటలో అయిపోయాయి. సంచీ అంటే ఏముంది, అన్నీ సరళరేఖలే. పెద్ద మనవరాలికి ఎర్రది, మనవడికి పచ్చది, జేబులతో సహా కుట్టి మడతపెట్టేశాను. నన్ను ఏడిపించింది కుందేలు.

పిల్లలు సెలవులకు వచ్చినప్పుడల్లా తన చేత్తో ఏదో ఒకటి కుట్టివ్వడం మా ఆవిడ పద్ధతి. పెద్దదాని ఏనుగు, మనవడి బూడిదరంగు వెల్వెట్ కుందేలు ఆమె కుట్టినవే. మూడోది పుట్టేసరికి ఆమె లేదు. దాన్ని బఠాణీ అంటాం, రెండున్నరేళ్లు. రోజూ అన్న కుందేలు లాక్కుంటుంది. వాడు "అది అమ్మమ్మ నాకిచ్చింది, నీకివ్వలేదు" అంటాడు. ఇక ఇల్లు ఎగిరిపోతుంది. ఓసారి ఫోన్లో ఆ మాట నా చెవినే పడింది. ఐదేళ్లవాడు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే ఈసారి శనివారం వాళ్లు వచ్చేలోగా, అదే బట్టతో, అలాంటి కుందేలే దానికీ ఒకటి ఉండి తీరాలనుకున్నాను.

మిగిలిన వెల్వెట్ బీరువా అడుగున దొరికింది. బూట్ల పెట్టె అట్టతో ఆమె కత్తిరించి పెట్టుకున్న ముక్కలూ దొరికాయి. వాటి మీద 'చెవి నాలుగు', 'ఒళ్లు రెండు' అని పెన్సిల్ రాత. ముప్పైనాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా భవనాల నక్షాలు గీసినవాణ్ణి, ఈమాత్రం చేయలేనా అనుకున్నాను.

సోమవారం అట్ట చుట్టూ సుద్దతో గీశాను. గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. మిషను దగ్గర మొదలైంది గొడవ. పై దారం బిగిస్తే తెగుతుంది, వదులు చేస్తే అడుగున చిక్కుపడుతుంది. రెండు సూదులు విరిగాక ఎలాగో కుట్టి, బట్టను తిరగేశాను. కాళ్లు ఎంత సన్నగా వచ్చాయంటే వాటిలోకి దూది దూరలేదు. పెన్సిల్‌తో పొడిచాను. పెన్సిల్ అవతలివైపు బయటికొచ్చింది.

మా మరదలు పక్క వీధిలోనే ఉంటుంది. గొడుగు తిరిగిచ్చే వంకతో వచ్చి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇది కుందేలా, తొండా బావగారూ?"

"మీ అక్క అట్ట ఎలా ఉందో అలాగే కోశాను."

"గీత మీదా?"

"మరి గీత గీసుకునేది ఎందుకు?"

"కుట్టడానికి. కొయ్యడం దాని బయట. కుట్టుకి చుట్టూ అరంగుళం వదలాలి."

"ఆ సంగతి అట్ట మీద రాయలేదే."

"ఊపిరి పీల్చుకోవాలని కూడా మా అక్క ఎక్కడా రాసుకోలేదు లెండి."

నాకు నవ్వు రాలేదు. నేను గీసిన ప్రతి నక్షా కింద 'గోడ మందం కలుపుకొని' అని స్పష్టంగా రాసేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఆ అరంగుళాన్ని కంట్లోనే పెట్టుకొని వెళ్లిపోయింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం తప్పని తెలుసు. అయినా ఆ సాయంత్రమంతా తెచ్చుకున్నాను.

ఇక మిగిలిన వెల్వెట్ ముందువైపుకే సరిపోతుంది. వీపుకి నా పాత గోధుమరంగు కోటు కోశాను. ఈసారి అరంగుళం స్కేలుతో కొలిచి మరీ వదిలాను. గురువారం మధ్యాహ్నానికి కుట్టు పూర్తయింది. తిరగేశాను. కాళ్లు బాగా వచ్చాయి. తల గుండ్రంగా వచ్చింది. అప్పుడే మరదలు మళ్లీ వచ్చింది.

"చెవులేవి?"

"లోపలున్నాయి."

ఆమె స్టూలు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "చెవుల్ని రెండు బట్టల మధ్య, లోపలివైపుకి పెట్టి కుట్టాలి బావగారూ. తిరగేస్తే అవే బయటికొస్తాయి."

"బయటికి రావాల్సినవాటిని లోపల పెట్టమని ఏ శాస్త్రంలో ఉంది?"

"కుట్టు శాస్త్రంలో. ఇలా ఇవ్వండి, గంటలో కుట్టి పంపిస్తా."

"వద్దు."

"మొండితనం మీ కూతురికే అనుకున్నా, మీక్కూడా ఉందన్నమాట."

"దానికి వచ్చింది నా దగ్గర్నుంచే. వదిలెయ్."

ఆమె బ్లేడు తీసుకొని నాతోపాటు కుట్లు విప్పుతూ కూర్చుంది. ఆమె వెళ్లాక చూస్తే నా కుర్చీ చేతికి ఏడు సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి, ఏడింటికీ దారం ఎక్కించి. సూదిలో దారం ఎక్కించడానికి నేను పడే పాట్లు ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

శుక్రవారం చెవులు బయటికొచ్చాయి. ఎడమది కాస్త వంకర. దూది కూరి, ఒక కన్ను నల్లదారంతో కుట్టాను. వీపు మీద నాలుగంగుళాల కుట్టు, రెండో కన్ను మిగిలాయి. ఇంతలో వాకిట్లో కారు ఆగింది.

"మీ అల్లుడుగారికి సెలవు ముందే దొరికింది నాన్నా," అంటూ మా అమ్మాయి లోపలికొచ్చింది.

నేను కుందేలు దాచేలోపే బఠాణీ మిషను దగ్గరికొచ్చి నిలబడింది. దాన్ని చూసింది. చెవి పట్టుకొని లాక్కొని, చంకలో పెట్టుకొని నడిచింది.

మనవడు వెనకే వెళ్లి తనిఖీ చేశాడు.

"తాతయ్యా, దీనికి ఒక కన్నే ఉంది."

"రెండోది కుట్టాలి."

"వీపు వేరే రంగేంటి?"

"అది నా కోటు."

"ఇది అమ్మమ్మ చేసిందా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. బఠాణీకి జీవితాంతం పనికొచ్చే మాట అది. కానీ నోరు రాలేదు. "అట్ట అమ్మమ్మది. కుట్టింది నేను," అన్నాను.

వాడు వంకర చెవి వైపు చూశాడు. "అందుకే ఇలా ఉంది," అన్నాడు.

ఈలోగా కుందేలు వీపులోంచి దూది రాలుతూ గది నుంచి వంటింట్లోకి దారి పడింది.

"ఇలా ఇవ్వమ్మా, ఇంకా కుట్టాలి."

"నాది."

"నీదే. ఒక్క నిమిషం."

"నాది."

బిస్కెట్లు చూపించాను. అక్క ఎర్ర సంచీ చూపించాను. వాళ్లమ్మ కోప్పడింది. పిడికిలి ఇంకా బిగిసింది. చివరికి బఠాణీని ఒళ్లో కూర్చోబెట్టుకొని, అది చెవి పట్టుకొని ఉండగానే వీపు కుట్టడం మొదలుపెట్టాను. కుట్టు కుట్టుకీ అది కుందేలును తిప్పి మొహం చూస్తుంది. దారం ముడిపడుతుంది. నాకు మూడుసార్లు సూది గుచ్చుకుంది. ఆ కుట్టు వంకర ఏ జూనియరు గీతలో కనబడినా కాగితం చింపేసేవాణ్ణి.

మనవడు నేల మీద వంగి రాలిన దూది ఏరుకొస్తున్నాడు. ఒక్కో పింజా తెచ్చి నా చేతికిచ్చాడు.

"ఇది కూడా దీని కుందేలుదే తాతయ్యా. లోపల పెట్టు."

పెట్టాను, కుట్టాను, దారం తెంపాను. రెండో కన్ను మాత్రం బఠాణీ ఇప్పటికీ కుట్టనివ్వలేదు.