బాలమ్మ ఎందుకు మిగిలింది

ప్రమీల రాస్తున్న కథలో అప్పటికే సాగర్ కాలువ కింది ఊళ్లన్నీ ఖాళీ అయిపోయాయి. రైసు మిల్లుల్లో బాయిలర్లు చల్లారాయి. లోడు ఎత్తిన లారీలు రోడ్డు మీదే నిలిచిపోయాయి. పేరు లేని జ్వరం ఒకటి ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పట్టుకుపోతోంది. అంతమందిలో మరియమ్మ అనే ఆమె ఒక్కతికే ఏమీ కాలేదు. భర్తను మట్టిలో పెట్టి వచ్చింది. దిక్కులేని వాళ్ల నోట్లో నీళ్లు పోసింది. ఇప్పుడు కొనఊపిరితో ఉన్న కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అయినా ఆమె ఒళ్లు వెచ్చబడలేదు.

ప్రమీల మిర్యాలగూడలో తెలుగు టీచరు. సెలవు రోజుల్లో ఆమె రాసే ఈ కథను హైదరాబాదు కంపెనీ ఒకటి వారానికో భాగం చొప్పున చదివించి, ఫోన్లలో వినిపిస్తోంది. వినేవాళ్లు రోజురోజుకూ పెరిగారు. వాళ్లంతా అడిగేది ఒకటే మాట. మరియమ్మ ఎందుకు చావలేదు? ఆమె పుణ్యం అని కొందరు, కాదు, ఆ జ్వరం తెచ్చిందే ఆమె అయి ఉంటుందని కొందరు రాసేవాళ్లు. ఆ కంపెనీలో కథలు చూసుకునే చైతన్య అనే కుర్రాడు కూడా ఫోన్ చేసి అదే అడిగాడు.

"కారణం గట్టిగుండాలె మేడమ్. ఉత్తగనే బతికిందంటే జనం ఒప్పుకోరు."

"ఆమె రక్తంలనే మందు ఉంటది చైతన్యా. ఆ రక్తం ఎక్కిస్తే కొడుకు లేచి కూసుంటడు. మిగిలినోళ్లు కూడ బతుకుతరు."

"సూపర్ మేడమ్. ఈ వారం కొంచెం హింట్ ఇయ్యండి, ఆఖరి భాగంల బయటపెడదాం."

ప్రమీల అలాగే రాసింది. ఆ వారం భాగంలో, చావుకు దగ్గరైన ఒక డాక్టరు మరియమ్మ వేలి నుంచి చుక్క రక్తం తీసి, భూతద్దంలో చూసి, "మందు దీంట్లనే ఉన్నది" అని కన్నుమూశాడు.

మరియమ్మ ఎవరో ప్రమీలకు తెలుసు. కోదాడ దగ్గరి చిలుకూరులో ఉండే తన పెద్దమ్మ బాలమ్మే. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో బాలమ్మ భర్త లాజరుకూ, కొడుకు జాన్‌కూ ఒకేసారి జ్వరం వచ్చింది. ఇద్దరి మంచాల నడుమ నేల మీద పడుకుంది బాలమ్మ. వాళ్లకు గంజి తాగించి, గిన్నెలో మిగిలింది తను తాగింది. లాజరు ఇంట్లోనే పోయాడు. జాన్‌ను సూర్యాపేట తీసుకుపోతుంటే దారిలో, ఆటోలో, తల్లి భుజం మీదే పోయాడు. బాలమ్మకు కనీసం దగ్గు కూడా రాలేదు.

బతికి ఉన్నందుకు ఆమె పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతా వాళ్లు జరిగిపోయేవారు. 'ఇద్దరిని మింగి కూసున్నది' అని వినపడేలాగే అనేవారు. చర్చిలో పాస్టరుగారు మాత్రం, "దేవుడు నిన్ను ఏదో పని కోసమే ఉంచిండమ్మా" అన్నారు. ఆ పని ఏమిటో మాత్రం ఆయనా చెప్పలేదు.

పెద్దమ్మను అడగకుండానే ప్రమీల ఆమెను కథలో పెట్టింది. పేరు మార్చాను కదా అనుకుంది. పైగా, ఇద్దరిని మింగిందని లోకం అన్న మనిషినే లోకాన్ని బతికించే మనిషిగా చేస్తున్నానని లోలోపల గర్వపడింది కూడా.

ఆ ఆదివారం పొద్దున బాలమ్మ చెప్పాపెట్టకుండా మిర్యాలగూడలో దిగింది. కాళ్లకు నాట్ల బురద ఇంకా పూర్తిగా వదల్లేదు. కుర్చీ వేసినా కూర్చోలేదు, గడప పక్కన కింద కూర్చుంది.

"మరియమ్మ నేనే గదా బిడ్డా?" అంది.

"నీకెట్ల తెలిసింది పెద్దమ్మా?"

"నాట్ల కాడ ఆండాలు ఫోన్ల పెడతది. అందరం ఇంటం. మంచాల నడుమ పండుకున్నది అని రాగానే అందరు నా దిక్కే సూసిన్రు."

ఆండాలు బాలమ్మ పక్కింటామె. వాళ్లకు గొర్లున్నాయి, పొలముంది. ఒకప్పుడు నల్లా దగ్గర అందరికంటే ముందు జరిగింది ఆమే.

"తప్పయింది పెద్దమ్మా. నిన్ను అడగకుంట రాయొద్దుండె."

"గా సంగతి కాదు." బాలమ్మ చేతులు చాచి మణికట్టు మీది నరాలు చూపించింది. "నన్ను సూర్యాపేట తీస్కపో. నా రక్తం సూపియ్యాలె."

"ఎందుకు?"

"ఆండాలు నగుకుంట అన్నది, 'నీ రక్తంల గూడ గదే ఉన్నదేమో బాలమ్మా, లేకుంటే ఇద్దరి నడుమ పండి ఎట్ల మిగుల్తవ్' అని. అది నగుకుంటనే అన్నది. నాకైతే అప్పటిసంది బువ్వ పోతలేదు."

"అది కథ పెద్దమ్మా. నేను కల్పించి రాసిన."

"రక్తం సంగతి నువ్వు కల్పించినవ్. నేను మిగిలింది కల్పించలే గదా?" బాలమ్మ తన మణికట్టు నిమురుకుంది. "నాలోనే మందు పెట్టుకొని, పక్కల కొడుకును సంపుకున్ననా? నా రక్తం ఎక్కిస్తే జాన్ బతికేటోడా? గదొక్కటి తెల్వాలె నాకు."

ప్రమీల నచ్చజెప్పాలని చూసింది. అన్నం తిని పడుకోమంది. ఫోన్లో డాక్టర్ని అడుగుతానంది. బాలమ్మ దేనికీ లొంగలేదు. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, తను రాసిన నాలుగు ముక్కలు ఈమె కడుపులో ఎంత పెద్ద చిచ్చు పెట్టాయో చూస్తుంటే ప్రమీలకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు బడికి సెలవు పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కింది.

అక్కడ తెలిసినవాళ్లు చెప్పిన ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. వచ్చిన పని విని ఆమె నవ్వలేదు. నర్సును బయటికి పంపి తలుపు వేసింది.

"ఇన్నేండ్లయినంక రక్తం చూస్తే ఏం తెలవదమ్మా. అప్పుడు నీకు తెల్వకుంటనే వచ్చి పోయిందేమో. లేకుంటే నీకు పట్టనే పట్టలేదేమో. ఒకే ఇంట్ల ఉన్నా కొందరికి రాలేదు."

"ఎందుకు రాలేదమ్మా?"

"అందరి సంగతి చెప్పేంత మాకు కూడ తెల్వదు."

"నా రక్తం పిలగానికి ఎక్కిస్తే?"

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అబద్ధం చెప్పి పంపడం ఆమెకు ఇష్టం లేనట్టుంది. "తగ్గినోళ్ల రక్తంలకెల్లి నీరు తీసి, జ్వరమున్నోళ్లకు ఎక్కించి చూసిన్రు అప్పట్ల..."

బాలమ్మ దిగ్గున లేచి నిలబడింది. "ఎక్కిచ్చిన్రా! అంటే అట్లాంటిది ఉండెనా?"

"కూసో అమ్మా, పూర్తిగ ఇను. ఎక్కిచ్చి చూసిన్రు, దాంతోని ఫాయిదా కాలేదు. ఎక్కిచ్చుకున్నోళ్లు, ఎక్కిచ్చుకోనోళ్లు ఒక్క తీరుగనే పోయిన్రు. అందుకే బంద్ చేసిన్రు. నీ రక్తంతోని నీ కొడుకు బతికేటోడు కాదు. ఇది నా మాట నమ్ము."

"మరి నేనెందుకు బతికిన?"

"కారణమేం లేదమ్మా. బతికినవ్, అంతే."

బాలమ్మ బయటికి నడిచింది. రోడ్డు మీదికి వచ్చాక, చెరుకు రసం బండి పక్కన, ఎర్రటి ఎండలో ఆగిపోయింది.

"దేవుడు ఉంచిండంటే ఇన్నేండ్లు ఎదురుసూసిన ఏం పని చెప్తడో అని," అంది. "మింగిందన్నోళ్ల మాటకు ఏడ్సిన. నిన్న మొన్న రక్తమన్నరు, దానికీ ఏడ్సిన. గిప్పుడు ఏం లేదంటది. ఉత్తగనే అంటది! గంత మనిషి జాన్ ఉత్తగనే పోయిండు, నేను ఉత్తగనే ఉన్న?"

ప్రమీల ఆమె చెయ్యి పట్టుకుంది. బాలమ్మ ఆ చెయ్యి విదిలించుకోలేదు గానీ, దాన్ని పట్టుకోనూ లేదు. బండి వాడు మిషను ఆపి వాళ్లనే చూస్తున్నాడు. కొడుకు పోయి ఏళ్లయినా, ఆ రోజు అతను ఆమెకు మళ్లీ కొత్తగా పోయినట్టుంది.

పెద్దమ్మను చిలుకూరు బస్సెక్కించి ఇంటికి వచ్చాక ప్రమీల ఆఖరి భాగం రాయడానికి కూర్చుంది. రక్తం సంగతి ఇక ఆమెకు రాయబుద్ధి కాలేదు. ఇలాంటి కథల్లో ఒకరిద్దరు ఎందుకు మిగులుతారో ఆమెకు ఇప్పుడు తేటగా కనిపించింది. అందరూ పోతే కథ నడవదు. అందుకని రాసేవాళ్లు ఎవరో ఒకరిని మిగిల్చుకుని, ఆ తర్వాత వాళ్లకో గొప్పతనం అంటగడతారు. అప్పుడు పోయినవాళ్లంతా ఆ గొప్పతనం లేక పోయినట్టు అవుతుంది. లాజరు పెదనాన్నలోగానీ జాన్‌లోగానీ ఏం తక్కువ?

ఆమె రాసిన ఆఖరి భాగంలో, కథలోని డాక్టరు చూసింది భ్రమ అని తేలింది. కొడుకు తల్లి ఒళ్లోనే పోయాడు. మరియమ్మ బతికే ఉంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

చైతన్య చదివి ఫోన్ చేశాడు. "ఏంది మేడమ్ ఇది? ఇన్ని వారాలు ఊరించి, ఆఖరికి ఏం లేదంటే ఎట్ల? వినేటోళ్లు తిడ్తరు."

"తిట్టనియ్యి. మార్చ."

"మేడమ్, మీరు మార్చకుంటే ఇంకొకరితోని రాయిస్తరు. నా చేతుల లేదు."

అన్నంత పనీ చేశారు. ఆ వారం ప్రమీల పేరుతోనే ఇంకెవరో రాసిన ముగింపు వినిపించింది. మరియమ్మ రక్తం బొట్టు బొట్టుగా కొడుకులోకి పోయింది, కొడుకు కళ్లు తెరిచాడు, చచ్చిన లోకానికి మళ్లీ ప్రాణం వచ్చింది. విన్నవాళ్లు మెచ్చుకుంటూ కుప్పలుగా రాశారు. ప్రమీలకు అవి చదవడానికి మనసొప్పలేదు. నాట్ల కాడ ఆండాలు ఫోన్లో ఇది మోగి ఉంటుందన్న తలపు రాగానే, బడి వదలగానే చిలుకూరు బయల్దేరింది.

బాలమ్మ ఇంటి ముందు కూర్చుని గోంగూర ఆకు తుంపుతోంది. ప్రమీలను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇన్నవా పెద్దమ్మా?"

"ఇన్న. రెండుమాట్ల పెట్టిచ్చుకున్న."

"అది నేను రాయలే. నిజంగ రాయలే."

"ఎవరు రాస్తే ఏందీ. పిలగాడు లేచి కూసున్నడు." బాలమ్మ మొహంలో చిన్న వెలుగు కనిపించింది. "నీళ్లియ్యి అమ్మా అన్నడు. డాక్టరమ్మ చెప్పింది నాకు యాదికుంది బిడ్డా, అట్లెట్లైతది. అయినా గాడ పిలగాడు లేస్తే పానం నిమ్మలమైంది."

ఎవరి కోసం ప్రమీల ఆ ముగింపు వద్దని పోట్లాడిందో ఆ మనిషే దాన్ని ఇష్టపడి రెండుసార్లు వింది.

"మరి నువ్వేం రాసినవ్?" బాలమ్మ అడిగింది. "సదువు."

"వద్దు పెద్దమ్మా."

"సదువంటున్న గదా."

ప్రమీల ఫోను తీసి నెమ్మదిగా చదివింది. కొడుకు పోయే దగ్గర గోంగూర తుంపే చేతులు ఆగిపోయాయి. ప్రమీల తలెత్తి చూడకుండా చివరిదాకా చదివేసింది. బాలమ్మ ఒడిలో పడ్డ ఆకులు ఏరి గిన్నెలో వేసింది.

"మరియమ్మ ఏంది, బాలమ్మ అని పెట్టు," అంది చివరికి. "వాని పేరు గూడ జాన్ అనే పెట్టు. ఇంకొకటి. నువ్వు రాసినట్టు వాడు అమ్మా అనుకుంట పోలే."

"మరి?"

"ఫ్యాన్ బంద్ చెయ్యమన్నడు. ఆటోల ఫ్యానెక్కడిది? వడగాలి కొడుతుండె. సలి పెడుతుందేమోనని నా కొంగు కప్పిన. 'సిలుకూరు దాటినమా' అన్నడు. కోదాడ గూడ దాటినం కొడకా అన్న. ఊఁ అన్నడు."

ఆమె ఆగింది. ఇన్నేళ్లలో ఆ ఆటో సంగతి ఆమె నోట ప్రమీల ఎన్నడూ వినలేదు. ఫోను పక్కన పెట్టేసి, ఆకుల గిన్నె తన ముందుకు లాక్కుంది.

"తర్వాత ఏమైంది పెద్దమ్మా?" అని అడిగింది.

బాలమ్మ చెప్పసాగింది.