అంచున పెన్సిల్ రాత

మాస్టారి దగ్గర పెద్దవాళ్ళం కథలు చదువుకునే క్లాసులో ఆ వారం చర్చ నడిపే వంతు నాది. చదవాల్సిన కథ ఎక్కడా దొరక్కపోతే, మా అక్క కాలేజీ రోజుల నాటి పుస్తకంలోంచి పన్నెండుమందికీ జిరాక్స్ తీయించాను. అక్క ఇల్లు విడిచి వెళ్ళిపోయి పంతొమ్మిదేళ్ళు. ఏమైందో ఇప్పటికీ తెలియదు. తను వెళ్ళిన ఆ మధ్యాహ్నం నేను నిద్రలో ఉన్నానని అమ్మకి చెప్పాను. అమ్మ దగ్గర ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

పేజీల అంచున అక్క పెన్సిల్ రాతలు వెలిసిపోయాయి, మెషిన్‌కి అందవులే అనుకున్నాను. అసలు కంటే నల్లగా వచ్చాయి.

కథలో ఒకావిడ అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి బోర్లించి, వెళ్ళిపోతుంది. అంతే. నేను రాసుకొచ్చిన ఆరు ప్రశ్నలూ ఎవరూ అడగనివ్వలేదు.

“పిన్నిగారూ, ప్రశ్నపత్రం ముందే లీక్ చేసేశారేంటి?” అంది మా క్లాసు వాగుడుకాయ. “ఇదిగో, అంచున. ‘ఇంట్లో ఒక్కరికీ వినబడలేదా?’ భలే పట్టుకున్నారు!”

“వినబడితే ఆపేవాళ్ళుగా,” అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

“నీ మొహం!” అంది వాగుడుకాయ. “కథలోనే ఉంది చూడు, ‘గడియ చప్పుడైంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.’ చప్పుడయ్యాకే తిరిగింది.”

“నిద్రలో తిరగరా ఏంటి? మా ఆవిడైతే మంచమంతా తిరుగుతుంది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి, కాగితాలు సర్దుకున్నాను.

వెనక బెంచీలోంచి, ఎప్పుడూ నోరు విప్పని నర్సమ్మ అడిగింది. “దొంగచాటుగా వెళ్ళేదైతే గడియ అంత గట్టిగా ఎందుకు లాగింది? ఎవరైనా ‘ఎక్కడికే?’ అంటారేమోనని కాదూ?”

మా ఇంటి గడియ కూడా గట్టిగా లాగితేనే చప్పుడవుతుంది. కాస్త పైకెత్తి తీస్తే చప్పుడు కాదు. అది అక్కకి తెలుసు.

“చివరి ప్రశ్నకి జవాబు చెప్పకుండా చర్చ నడిపినవాళ్ళు లేవకూడదు,” మాస్టారు తన పద్ధతి గుర్తుచేశారు. “చెప్పమ్మా. వినబడిందా, లేదా?”

“వినబడింది.”

“ఆధారం ఏ పేజీలో?”

“పేజీలో లేదు మాస్టారూ. ఆ రోజు పొద్దున అక్కా నేనూ దువ్వెన కోసం పోట్లాడుకున్నాం. ముందు తనే మాట్లాడాలని పంతం పట్టాను. పక్కగదిలో కళ్ళు మూసుకుని పడుకున్నాను.”

మాస్టారు కళ్ళజోడు తీశారు. నేను లేవలేదు.