మలుపుల అమ్మకం

డోలీలో కూర్చున్న మనిషికి ఇంకా ఎంత దూరముందో నిజం చెప్పకూడదు. ఇది మాకెవరూ నేర్పలేదు. మోసేవాడికి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. "ఇంకా మూడు గంటలు" అంటే నొప్పిలో ఉన్న మనిషి బిగుసుకుపోతాడు. బిగుసుకున్న మనిషి బరువెక్కుతాడు. అందుకని ఎవరడిగినా "ఎంతండీ, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే" అంటాం. ఇరవై ఆరేళ్లుగా నేనూ అదే అంటున్నాను.

మా ఊరు కొండమీద ఉంది. ఊళ్లో బడి ఉంది, పోస్టాఫీసు ఉంది, రంపపు మిల్లు ఉంది. బండి దారి మాత్రం లేదు. అది కింద వంతెన దగ్గర ఆగిపోతుంది. వంతెన దాటితే ఆసుపత్రి. అక్కడికి నలభై రెండు మలుపుల కాలిబాట. సరుకులు గాడిదల మీద ఎక్కుతాయి, రోగులు మా భుజాల మీద దిగుతారు. రెండు కర్రల మధ్య ఒక కుర్చీ, నలుగురు మనుషులం. ముందు నేను, నా బావమరిది. వెనక మిల్లులో పనిచేసే అన్నదమ్ములు. అన్న తాడిచెట్టు, తమ్ముడు నా భుజం దాకా కూడా రాడు. కర్ర సమంగా ఉండాలని తమ్ముడు భుజం మీద గుడ్డ నాలుగు మడతలు వేసుకుంటాడు. అన్నకి ఒక్క మడత కూడా ఉండదు, అందుకే వాడి భుజం కాయకాసి పోయింది.

ఊళ్లో ఒంటిగది వైద్యశాల ఒకటుంది. అందులో ఒక నర్సమ్మ, ఒక ఆక్సిజన్ మిషను. మా ఆవిడకి ఆయాసం. చలి ముదిరితే వారానికి రెండు మూడుసార్లు ఆ మిషను దగ్గర కూర్చోవాలి. నర్సమ్మ లేకపోతే గదికి తాళమే. అప్పుడు మా ఆవిడ చలికాలమంతా కింద తన చెల్లెలింట్లో ఉండాలి. చెల్లెలు మంచిదే. కానీ ఒకసారి అక్కడ తొమ్మిది రోజులుండి వచ్చి, "వాళ్లింట్లో గరిటె ఎక్కడ పెట్టాలో కూడా నాకు చెప్తున్నారయ్యా" అంది మా ఆవిడ. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పోయిన ఏడాది ఆరోగ్యశాఖ వాళ్లు ఒక మాట చెప్పారు. ఖర్చులో మూడోవంతు ఊరు పోగుచేసుకుంటే, రోగి ఆసుపత్రికి చేరడానికి మూడు గంటలు మించి పట్టే ఊరైతే, రెండు గదులు కట్టించి డాక్టర్ని వేస్తారట. పెద్ద పంతులమ్మ చందాల పని నెత్తిన వేసుకుంది. ఆవిడ అడిగితే లేదనడం కష్టం. ఊళ్లో సగంమంది ఆవిడ చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే. ఆరు నెలల్లో సగం పైగా పోగయింది.

అప్పుడు దూరం చూడడానికి ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, కళ్లజోడు, కొత్త బూట్లు. వంతెన దగ్గర బయలుదేరి కిందనుంచి ఏడో మలుపు దాకా ఎక్కి అక్కడ బండ మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మేం తుంటి విరిగిన ఒక ముసలావిడని దింపుకొస్తున్నాం. ఆవిడ దారంతా కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టుకుని ఉంది.

"పైనుంచి ఇక్కడికి ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాడు ఆఫీసరు.

ముసలావిడ కళ్లు తెరిచింది.

"ఎంతండీ, గంట," అన్నాను. "ఇదిగో, వచ్చేశాం."

ఆయన పుస్తకంలో రాసుకుని, నాకు దండం పెట్టి, అటునుంచి అటే దిగిపోయాడు. నాకేమీ అనిపించలేదు. ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది, అంతే గమనించాను.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పంతులమ్మ బడి హాల్లో ఊరందరి ముందూ చదివింది. మా ఊరినుంచి ఆసుపత్రికి గంట పైచిలుకే కాబట్టి డాక్టర్ని వేయడం కుదరదు. ఇంత దగ్గరలో ఆసుపత్రి ఉండగా నర్సు కూడా అక్కర్లేదు, వచ్చే ఒకటో తారీఖున ఆవిడ్ని వేరేచోటికి మారుస్తున్నారు.

"గంటా? ఏ గాడిద చెప్పింది గంటని?" అన్నాడు రొట్టెల దుకాణం పెద్దాయన.

హాల్లో నవ్వారు. నేను లేచి నిలబడ్డాను.

"నేనే చెప్పాను," అన్నాను. "డోలీలో మనిషి ఉంది. నోటికి అలవాటైన మాట వచ్చేసింది."

నవ్వు ఆగిపోయింది. నా బావమరిది తల దించుకున్నాడు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి పంతులమ్మ వైపు తిరిగాడు.

"అయితే ఇంకేముందమ్మా. గదులూ లేవు, డాక్టరూ లేడు. ఎవరి చందా వాళ్లకి ఇచ్చేయండి. నేను పిండి కొనుక్కోవాలి."

ఇంకో పదిమంది లేచారు. అంతలో వెనక బల్ల మీద నుంచి మా ఆవిడ లేచింది. ఆయాసం వల్ల ఆవిడ ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది, అందుకని అందరూ చెవి ఒగ్గి వింటారు.

"ఏవయ్యా రొట్టెలాయనా. మీ ఆవిడ పురుడు. ఎవరు పోశారు?"

"నర్సమ్మే. ఎవరు కాదన్నారు?"

"మరి పిండి ముందా. పిల్లలు ముందా?"

"నాకింక పిల్లలు పుట్టరులే వదినా," అన్నాడు పెద్దాయన. అయినా ఆ సాయంత్రం తన చందా తను పట్టుకెళ్లిపోయాడు. ఆయన వెనక మరో ఆరుగురు.

ఇంటికొచ్చాక మా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుంది. మా ఇంట్లో మాటలకి కరువేమీ లేదు, అవన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి.

"నువ్వు చెప్పిన అబద్ధానికి నేనెందుకు కొండ దిగాలి?" అంది.

"దిగక్కర్లేదు."

"ఎలా?"

"నిజంగా ఎంతసేపు పడుతుందో వాళ్లకి చూపిస్తా. బస్తా కట్టి మోసుకెళ్తాం. నర్సమ్మ ఇక్కడ టైము రాసిస్తుంది, ఆసుపత్రి కిటికీలో వాళ్లు రాసిస్తారు."

"బస్తా అయితే పరిగెత్తారంటారు, నెమ్మదిగా వెళ్లారంటారు, ఏదో ఒకటంటారు. రోగిని మొయ్యి. నన్ను మొయ్యి."

"నువ్వు రోగివి కదా," అన్నాను.

"అదేగా నే చెప్పేది!"

చందాల లోటు పూడ్చే ఉపాయం నా బావమరిదికి తట్టింది. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు. "బావా, ఉత్తి చెయ్యి చాపితే ఎవడిస్తాడు? నలభై రెండు మలుపులున్నాయి. అమ్ముదాం. కొన్నవాడి పేరు ఆ మలుపులో రాయి మీద రంగుతో రాద్దాం. మనం అక్కని మోసుకెళ్లేటప్పుడు వాళ్ల మలుపు దగ్గర వాళ్లు నిలబడి చూసుకుంటారు. ఊరంతా సాక్ష్యం."

"మోస్తామని ఎగబడతార్రా కుర్రాళ్లు."

"ముట్టుకోనివ్వను. మలుపుకో కొత్త నలుగురు పట్టుకుంటే గుర్రాల్లా పరిగెత్తుతారు, రెండు గంటల్లో దింపేస్తారు. అప్పుడు ఆ ఆఫీసరు చెప్పిందే నిజమవుతుంది."

మలుపుకి ఒక ఇంటి నెల రొట్టెల ఖర్చంత ధర పెట్టాం. పంతులమ్మ రసీదులు రాసింది. నేను గడపగడపకీ తిరిగాను. తలుపు తీసిన ప్రతి మనిషికీ ముందు ఒకే మాట చెప్పాను: "గంటని చెప్పింది నేనే." ఆ తర్వాత మలుపు అడిగాను. కొందరు తిట్టి కొన్నారు, కొందరు ఊరికే తిట్టారు. మిల్లు యజమాని మొదటి మలుపు కొన్నాడు, కిటికీలోంచి కనబడుతుందని. ఇద్దరు తోడికోడళ్లు ఒకే మలుపు కోసం దెబ్బలాడుకుని, పంతం కొద్దీ చెరొకటి కొన్నారు. పదిరోజుల్లో ఇరవై మూడు పోయాయి. రొట్టెలాయన దుకాణానికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ పొయ్యి దగ్గర పనుందన్నాడు.

బయలుదేరిన రోజు మబ్బుగా ఉంది. నర్సమ్మ టైము రాసి, సంతకం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుంది. తనూ మాతో నడిచి వస్తానంది. మా ఆవిడ నల్లశాలువా కప్పుకుని డోలీలో కూర్చుంది, పెళ్లికూతురిలా అటూ ఇటూ చూస్తూ.

మొదటి పది మలుపులూ తిరునాళ్లలాగే సాగాయి. రాళ్లమీద రంగు ఇంకా తడి. కొన్నవాళ్లు పిల్లాపాపలతో నిలబడ్డారు. "అన్నా, నా మలుపులో కాస్త నెమ్మదిగా వెళ్లు, డబ్బు పోసి కొన్నా!" అని అరిచాడొకడు. మా ఆవిడ ప్రతి ఒక్కరినీ పలకరించింది. అదే తప్పయింది. పదిహేనో మలుపు నీడలో ఉంటుంది. చల్లగాలి గొంతులోకి పోయింది. వెనకనుంచి ఈల లాంటి ఊపిరి వినబడింది. ఆ చప్పుడు నాకు నిద్రలో వినబడినా లేస్తాను.

దింపాం. నర్సమ్మ ఆవిడ నోట్లోకి పీల్చే మందు చిమ్మింది, వీపు నిమిరింది. మా ఆవిడ పెదాలు రంగు మారాయి.

"వెనక్కి పోదాం బావా," అన్నాడు బావమరిది. "పైన మిషను ఉంది."

అక్కణ్నుంచి పైకి ఎక్కడానికి రెండు గంటలు. దిగడానికీ ఇంచుమించు అంతే. నేను నర్సమ్మ ముఖం చూశాను.

"కిందికే బాబాయ్," అంది. "కానీ కుదిపితే ఊపిరి ఇంకా బిగుసుకుంటుంది. నాలుగు మలుపులకోసారి దింపాల్సిందే."

పరిగెత్తాలని కాళ్లు లాగుతున్నాయి. పరిగెత్తకూడదు. ఇరవై ఆరేళ్లలో నెమ్మదిగా నడవడం నాకెప్పుడూ అంత కష్టం కాలేదు. వెనక పొట్టివాడి భుజం మీది గుడ్డ జారి కింద పడింది. తీసుకోవడానికి వాడు ఆగలేదు. మునివేళ్ల మీద నడుస్తూ కర్ర ఎత్తిపట్టుకున్నాడు. పలకరింపులు లేవు. మలుపు మలుపులో జనం మమ్మల్ని చూసి పక్కకి ఒత్తుకుని నిలబడ్డారు. ఒకాయన టోపీ తీశాడు.

"ఇంకెంత, వచ్చేశాం," అని నా నోటినుంచి దానంతటదే వచ్చింది.

"నోర్ముయ్," అంది వెనకనుంచి మా ఆవిడ. కాస్త ఊపిరి తీసుకుంది. "నర్సమ్మా. ఆగినవన్నీ. రాస్తున్నావా?"

"రాస్తున్నా పిన్నీ."

ఆసుపత్రి కిటికీ దగ్గర గుమాస్తా టైము రాసిచ్చాడు. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మా ఆవిడకి ముక్కుకి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. బుగ్గలకి రంగు వచ్చేదాకా నేను మంచం కాలు పట్టుకుని నిలబడ్డాను. వచ్చాక, "ఇక్కడేం చేస్తున్నావ్, పో" అంది.

ఆరోగ్యశాఖ ఆఫీసు పక్క భవనంలోనే ఉంది. ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా చొక్కా భుజం దగ్గర చిరిగిపోయి ఉంది.

"గంటని చెప్పింది మీరే కదా?"

"నేనే."

"ఎందుకు చెప్పారు?"

"డోలీలో ముసలావిడ వింటోందండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ఇంకో పది మలుపులు ఎక్కుంటే సరిపోయేది," అన్నాడు మెల్లిగా. తర్వాత తెల్లకాగితం ఒకటి ముందుకు తోశాడు. మొదట చెప్పింది తప్పని నా చేత్తో నేను రాసివ్వాలి. నేను అయిదో తరగతి. అయిదు లైన్లు రాయడానికి అరగంట పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

"నర్సు బదిలీ ఆపిస్తాను," అన్నాడు. "మూడు నెలల్లో కమిటీ కూర్చుంటుంది. దూరం సంగతి ఇంక ఎవరూ కాదనలేరు. కానీ అప్పటికి మీ ఊరి వాటా పూర్తిగా కట్టేసి ఉండాలి. రూపాయి తక్కువైనా ఫైలు మూసేస్తారు. అప్పుడు నేనేం చెయ్యలేను."

"కడతాం," అన్నాను.

మా ఆవిడ మూడోరోజుకి కోలుకుంది. పైకి మోసుకొచ్చి ఆవిడ్ని ఇంట్లో దింపాం. గుమ్మం దాటగానే పొయ్యి మీది గిన్నె చూసి, "ఇదెవరు ఇక్కడ పెట్టారు?" అంది. నేను నీళ్లు తాగి, పంతులమ్మ రసీదు పుస్తకం తీసుకుని బయటికొచ్చాను. ఇంకా పంతొమ్మిది మలుపులు మిగిలున్నాయి.

రొట్టెలాయన బల్లమీద పిండి పిసుకుతున్నాడు. నన్ను చూసి తల ఎత్తలేదు.

"వదిన ఎలా ఉంది?"

"తిడుతోంది."

"అయితే బాగున్నట్టే." ఇంకో రెండు గుద్దులు గుద్దాడు పిండిని. "ఏవి మిగిలాయేంటి?"

"పైవి అయిపోయాయి. ఎండ తగిలేవి కిందవే ఉన్నాయి."

"ఆ పదిహేనోది?"

"దాన్ని మా ఆవిడ తనకే ఉంచమంది. ఇంకెవరూ అక్కడ నిలబడకూడదంది, గాలి మంచిది కాదట."

ఆయన నవ్వాపుకున్నాడు. "పొయ్యి దగ్గర పనుందయ్యా నాకు. ఆలోచిస్తాలే."

గోడవారగా పిండిబస్తా ఉంది. నేను దానిమీద కూర్చుని రసీదు పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాను.

"ఆలోచించు," అన్నాను. "నాకేం తొందర్లేదు."